పాత మెటల్ ఆల్బమ్స్ రేకుల షెడ్డు మీద వానలా వినిపిస్తే తప్పు ఎవరిది?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆరు నెలల నుంచి హెవీ మెటల్ వింటున్నాను. అందరూ గొప్పవని చెప్పే పాత ఆల్బమ్స్ పెడితే రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు వినిపిస్తోంది. కొత్తవి పెడితే మొదటి పాటకి ఒళ్ళు జలదరిస్తుంది గానీ నాలుగో పాటకి చెవులు అలిసిపోతున్నాయి. తప్పు నా చెవుల్లో ఉందా, ఇయర్‌ఫోన్లో ఉందా, ఆల్బమ్‌లో ఉందా? పాట బాగుంటే చాలదా, రికార్డింగ్ క్వాలిటీని అంత పట్టించుకోవాలా?"

తమ్ముడూ, పట్టించుకోవాలి. మెటల్‌లో అయితే మరీ పట్టించుకోవాలి. కానీ రికార్డింగ్ శుభ్రంగా ఉండటం వేరు, బాగుండటం వేరు. నేను చూసేది ఒక్కటే, రిఫ్ నా దాకా వస్తోందా లేదా అని. గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే ఆ ముక్క, పాట మొత్తం దేని మీద నిలబడి ఉంటుందో అది. సౌండ్ ఎంత గరుగ్గా ఉన్నా రిఫ్ వచ్చి తగిలితే ఆ రికార్డింగ్ బాగున్నట్టే. ఎంత నున్నగా ఉన్నా రిఫ్‌లో దెబ్బ తెలియకపోతే దాని మీద పెట్టిన డబ్బంతా దండగ. నీ చెవులకి ఏమీ కాలేదు. పాతవి పల్చగా వినిపించడానికి ఒక కారణం ఉంది, కొత్తవి అలిసిపోయేలా చేయడానికి ఇంకో కారణం ఉంది. రెండింటినీ కలిపేసుకోవద్దు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎక్కడో చదివి చెప్తున్నాననుకుంటావు. నెల్లూరులో ఇరవై ఏళ్ళ పైనుంచి ఆర్కెస్ట్రాలకి, పెళ్ళిళ్ళకి, జాతరలకి సౌండ్ చూసుకుంటున్నాను. ఇంటి మేడ మీద ఒక చిన్న రికార్డింగ్ గది ఉంది, భక్తి పాటలు, ఎన్నికల పాటలు, అప్పుడప్పుడూ కాలేజీ బ్యాండ్లు అక్కడ చేస్తుంటాను. మెటల్ పిచ్చి అంతకంటే పాతది. మద్రాసు వెళ్ళే ఎవరినైనా పట్టుకుని బర్మా బజారులో క్యాసెట్లు తెప్పించుకునే రోజుల నుంచి వింటున్నాను.

సినిమా పాటకి మిక్సింగ్ చేసేవాడికి ఒక దారి ఉంటుంది. గొంతు ముందు, మిగతావన్నీ దాని వెనక. మెటల్‌లో ఆ దారి లేదు. డిస్టార్షన్ (సౌండ్‌ని కావాలని గరుగ్గా పగలగొట్టడం) పెట్టిన గిటార్ అంటే పొయ్యి మీద పొంగే పాల లాంటిది, గిన్నెలో ఖాళీ అనేదే ఉంచదు. అలాంటి గిటార్లు రెండు, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి. వాటి కింద బేస్ గిటార్. బేస్‌లో మామూలుగా కట్టే లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతూ మోగుతుంది, గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర. కాలితో కొట్టే పెద్ద డ్రమ్, కిక్ డ్రమ్ కూడా సరిగ్గా ఆ చోటే కావాలంటుంది. పైన స్నేర్ (కర్రలతో కొట్టే చురుకైన చిన్న డ్రమ్), సింబల్స్ (డ్రమ్స్ మీది ఇత్తడి పళ్ళేలు), గొంతు, గిటార్ పిక్ గీరే చప్పుడు, అన్నీ ఇంకో చోట గుంపుగా నిలబడతాయి. అందరూ ఒకేసారి గట్టిగా మాట్లాడే పంచాయితీ అది. ఎవరి మాటా పోకుండా వినిపించాలంటే చేసేవాడికి చెయ్యి తిరిగి ఉండాలి. వేరే సంగీతంలో చిన్న తప్పు చేసినా పాట బతుకుతుంది, ఇక్కడ అదే తప్పుకి రిఫ్ బురదలో దిగిపోతుంది.

మొదట నీ ఫోన్ చూసుకో. సెట్టింగుల్లో బేస్ బూస్ట్ గానీ, రాక్ అనే ఈక్వలైజర్ గానీ ఆన్‌లో ఉంటే తీసెయ్యి. మా మైక్ సెట్ కుర్రాళ్ళు చాలామంది చేసే పని కూడా ఇదే. బేస్ పైకి, ట్రెబుల్ పైకి, మిడ్ (అంటే ఈ రెండింటి మధ్య సౌండ్) కిందకి. సినిమా పాటకి అది గుమ్ముగా ఉంటుంది, జనం ఈలలు వేస్తారు. కానీ గిటార్ ప్రాణమంతా ఆ మిడ్‌లోనే ఉంటుంది. మిడ్ తగ్గించి మెటల్ వింటే కింద ధబధబ, పైన సింబల్స్ గలగల, మధ్యలో గిటార్ లేదు. నువ్వన్న రేకుల షెడ్డు వాన సగం ఇక్కడే తయారవుతోందని నా అనుమానం. ఫోన్ స్పీకర్లో వింటున్నావా అంటే దాని గురించి మాట్లాడనే అక్కర్లేదు, 200 హెర్ట్జ్ కింద దాంట్లో దాదాపు ఏమీ రాదు.

రెండోది, రెండు ఆల్బమ్స్‌ని పోల్చేటప్పుడు సౌండ్ సమానం చేసుకుని విను. పాత సీడీల్లో మాస్టరింగ్ (ఆల్బమ్ బయటికి వెళ్ళే ముందు సౌండ్‌కి చివరి మెరుగు పెట్టే పని) తక్కువ సౌండ్‌తో ఉండేది. మెల్లగా వినేటప్పుడు మన చెవి బేస్‌ని తక్కువగా పట్టుకుంటుంది, అందరి చెవులూ అంతే. కొత్త ఆల్బమ్ వినీ వినగానే వాల్యూమ్ ముట్టుకోకుండా పాతది పెట్టావనుకో, అది చిన్నగా వస్తుంది, చిన్నగా వచ్చేసరికి పల్చగా అనిపిస్తుంది. మూడు నాలుగు గీతలు పెంచి చూడు. పోయిందనుకున్న బరువు చాలావరకు తిరిగొస్తుంది.

ఇవి రెండూ సరిచేసుకున్నాక కూడా పల్చగానే ఉండే ఆల్బమ్స్ ఉంటాయి. వాటిల్లో నా జీవితంలో పెద్దది మెటాలికా 1988 ఆల్బమ్, అండ్ జస్టిస్ ఫర్ ఆల్. నేను దాన్ని మొదట క్యాసెట్‌లో విన్నాను. బేస్ గిటార్ అసలు లేదు. టేప్ రికార్డర్ హెడ్డుకి మురికి పట్టిందనుకుని, దూదికి స్పిరిట్ అద్ది తుడిచాను. అయినా లేదు. హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది, సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుక వాసి అటూ ఇటూ తిప్పితే కొన్నిసార్లు సౌండ్ విచ్చుకుంటుంది. అదీ చేశాను. సింబల్స్ బాగుపడ్డాయి, బేస్ మాత్రం రాలేదు. తప్పు నా టేప్ రికార్డర్‌లో లేదని, ఆల్బమ్‌లోనే బేస్‌ని అంతగా తగ్గించేశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. 1986లో వాళ్ళ బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదంలో పోయాక, అతని చోట వచ్చిన జేసన్ న్యూస్టెడ్ ఆ బ్యాండ్‌లో వాయించిన మొదటి పూర్తి ఆల్బమ్ అది. బేస్ తగ్గించమని బ్యాండ్ వైపు నుంచే చెప్పారని మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో అన్నాడు.

మరి ఆ ఆల్బమ్ నాకు ఇష్టమా కాదా? ప్రాణం. ఎందుకంటే గిటార్లు బొమ్మిడాయి ముల్లు తీసినంత శుభ్రంగా విడివిడిగా ఉంటాయి, కుడిచేతి దెబ్బ ప్రతిదీ వినిపిస్తుంది. రిఫ్ చేరుతోంది. కానీ నష్టం లేదని చెప్తే అబద్ధం. 2011 అక్టోబర్‌లో మెటాలికా బెంగళూరు వచ్చినప్పుడు నెల్లూరు నుంచి ముగ్గురం వెళ్ళాం. ఆ ఆల్బమ్‌లోని వన్ అనే పాట అందుకున్నప్పుడు కింద బేస్‌తో విన్నాను, అన్నేళ్ళుగా నేను ఆ పాటని సగమే విన్నానని అక్కడ నిలబడి తెలిసింది. ఆ రోజు గుండె నిండింది, కొంచెం బాధ కూడా వేసింది. పాట బాగుంటే చాలదా అన్నావు కదా, ఈ పాటే దానికి నా జవాబు. బాగున్న పాట ఎలాగూ బతుకుతుంది, కానీ సరైన సౌండ్ దొరికితే ఇంకెంత పెద్దదవుతుందో తెలియకుండా పోతుంది.

డబ్బు లేక, టైమ్ లేక చేసిన రికార్డింగులు అన్నీ చెడ్డవని కూడా అనుకోవద్దు. బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది, 1969లో ఒక్క రోజులో రికార్డు చేశారు. దాదాపు స్టేజీ మీద వాయించినట్టు నలుగురూ కలిసి వాయించారు. ఇప్పుడు విను, బేస్ ఎక్కడుందో, డ్రమ్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. వాయిద్యాలు తక్కువ, మధ్యలో గాలి ఉంది. ఆ బరువు యంత్రాల్లోంచి వచ్చింది కాదు. వాళ్ళ గిటార్ వాయించే టోనీ అయోమీకి ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోతే ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడు. ఆ వేళ్ళ నుంచి, ఆ యాంప్లిఫైయర్ నుంచి వచ్చిన బరువు అది.

స్లేయర్ బ్యాండ్ ఆల్బమ్ రెయిన్ ఇన్ బ్లడ్, 1986, రిక్ రూబిన్ ప్రొడ్యూసర్ (సినిమా నిర్మాత లాంటివాడు కాదు, రికార్డింగ్ ఎలా ఉండాలో దగ్గరుండి చూసుకునేవాడు). మొత్తం 29 నిమిషాలు లేదు. దాని గురించి మా పని భాషలో చెప్తాను. ఖాళీ కల్యాణ మండపంలో సౌండ్ చెక్ చేసేటప్పుడు డ్రమ్స్ అబ్బాయి వేగంగా ఒక రోల్ వేస్తే, గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చిన చప్పుడు తర్వాతి దెబ్బ మీద పడుతుంది. నాలుగు దెబ్బలు కలిసి ఒక ముద్ద. మెల్లటి పాటకి అదే ఎకో అందంగా ఉంటుంది. స్లేయర్ అంత వేగంగా వాయించే బ్యాండ్‌కి ఎకో పెడితే ముద్దే మిగులుతుంది. ఆ కాలంలో చాలా ఆల్బమ్స్‌లో డ్రమ్స్‌కి బావిలో వాయించినట్టు ఎకో పోసేవాళ్ళు. రూబిన్ దాదాపు మొత్తం తీసేశాడు. పొడి సౌండ్, చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. ఇప్పటికీ కొత్త హెడ్‌ఫోన్ ఏదైనా చేతికొస్తే మొదట అదే పెట్టి వింటాను.

ఇంక కావాలని గరుగ్గా ఉంచినవి. నార్వే బ్లాక్ మెటల్‌లో డార్క్‌థ్రోన్ అనే బ్యాండ్ ఉంది. 1994లో వచ్చిన ట్రాన్సిల్వేనియన్ హంగర్‌ని నాలుగు ట్రాకుల చిన్న రికార్డర్ మీద ఇంట్లో చేశారు. బేస్ దాదాపు లేదు, గిటార్ తేనెటీగల గుంపులా ఒకటే రొద. మొదటిసారి విన్నప్పుడు పక్కన పెట్టేశాను. తర్వాత ఒక ధనుర్మాసంలో మా అత్తగారి ఊళ్ళో, ఉదయం నాలుగున్నరకి, పొలాలకి అవతల గుడి మీది హారన్ స్పీకర్లోంచి పాశురాలు వస్తున్నాయి. హారన్‌లో బేస్ రాదు, పై సన్న చప్పుళ్ళూ రావు, మధ్య ముక్క ఒకటే మంచులో కొట్టుకుంటూ వస్తుంది. అదే పాట మంచి బాక్సుల్లో పెడితే ఆ చలి, ఆ దూరం, ఆ చీకటి అన్నీ పోతాయి. ఆ ఆల్బమ్ అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ళు దూరాన్ని రికార్డు చేశారు. అందులో ఒక్కో వాయిద్యాన్ని విడదీసి వెతకొద్దు, మొత్తాన్ని ఒక్క గాలిలా వదిలెయ్యి. నీకు నచ్చకపోయినా తప్పు లేదు, కానీ చేతకాక అలా చేశారని మాత్రం అనుకోకు.

స్వీడన్ వాళ్ళది ఇంకో దారి. ఎంటూంబ్డ్ అనే బ్యాండ్ 1990లో వచ్చిన లెఫ్ట్ హ్యాండ్ పాత్ ఆల్బమ్‌ని స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో, ఆ స్టూడియో నడిపే టోమస్ స్కోగ్స్‌బెర్గ్ దగ్గర చేశారు. బాస్ కంపెనీ హెచ్ఎం-2 అనే పెడల్ (గిటార్ సౌండ్ మార్చడానికి కాలితో నొక్కే చిన్న డబ్బా) మీద నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పేసి వాయించడం అక్కడి నుంచే పేరుపడింది. రంపపు మిల్లు చప్పుడు. లెక్క ప్రకారం అది మంచి గిటార్ సౌండ్ కాదు. కానీ రిఫ్ ఎలా ఉందో చూడు, ఆ రంపానికే కోయడానికి రాసినట్టుంటుంది.

ఇప్పుడు నీ రెండో బాధ, చెవులు అలిసిపోవడం. దీని మీద నాకు కోపం కూడా ఉంది, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

ఒక జాతరలో డప్పుల వాళ్ళని రికార్డు చేశాను. వాయించే ముందు గడ్డి మంట వేసి డప్పు తోలుని దాని సెగకి తిప్పుతూ కాచారు. పెద్దాయన మధ్యమధ్యలో వేలితో కొట్టి వింటున్నాడు, చాలకపోతే మళ్ళీ సెగకి పెడుతున్నాడు. తోలు బిగిసేకొద్దీ దెబ్బ మొదట్లో ఒక "ఠంగ్" పుడుతుంది, రెప్పపాటు కూడా ఉండదు. ఆ రెప్పపాటు కోసమే ఆ మంటంతా. నేను ఇంటికొచ్చి ఆ రికార్డింగ్‌ని గట్టిగా వినిపించేలా చేద్దామని లిమిటర్ పెట్టాను. లిమిటర్ పని ఏమిటంటే, మిగతా వాటికంటే ఎత్తుకి ఎగిరే ప్రతి శిఖరాన్నీ నరికేసి మొత్తాన్ని పైకి లేపడం. డప్పులో ఎగిరే శిఖరం ఏది? ఆ ఠంగే. అది నరికేశాక దిండు మీద కొట్టినట్టు మిగిలింది. సౌండ్ పెద్దగా ఉంది, దెబ్బ లేదు. పెద్దాయన అంతసేపు సెగకి కాచింది నేను ఒక్క బటన్‌తో పోగొట్టానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మొత్తం తీసేసి మళ్ళీ చేశాను.

కొత్త మెటల్ ఆల్బమ్స్ చాలావాటికి జరిగింది ఇదే. పక్క ఆల్బమ్ కంటే గట్టిగా వినిపించాలనే పోటీలో స్నేర్, కిక్ శిఖరాలు నరికేసి అన్నింటినీ ఒకే ఎత్తున గోడ కట్టినట్టు నిలబెడతారు. మొదటి పాటకి ఆ గోడ చూసి అబ్బా అనిపిస్తుంది. కానీ ఎక్కడా దిగడం లేదు, ఊపిరి లేదు, కాబట్టి పది నిమిషాలకి చెవి వద్దంటుంది. మెటాలికా 2008 ఆల్బమ్ డెత్ మాగ్నెటిక్ దీనికి పెద్ద సాక్ష్యం. సీడీలో చాలా చోట్ల సౌండ్ చిట్లిపోయింది. అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చాయి, వినేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూసి గేమ్‌లోవే బాగున్నాయని గోల చేశారు. పాటలు అవే, వాయించిన చేతులు అవే. ఒకటి వినబుద్ధవుతుంది, ఇంకొకటి ఆపబుద్ధవుతుంది. ఇంతకంటే గట్టి రుజువు నాకు తెలియదు. ఇంకా బాధ ఏమిటంటే ఈ నొక్కుడు వల్ల ఇప్పుడు లాభం కూడా లేదు, యూట్యూబ్ లాంటివి మరీ గట్టిగా ఉన్న పాటని వాటంతట అవే తగ్గించేస్తాయి.

రీమాస్టర్ అని రాసి ఉన్నవాటితో కూడా అందుకే జాగ్రత్త. చాలా రీమాస్టర్లు ఆ పాత పాటల్నే ఇంకాస్త నొక్కి గట్టిగా చేసినవి. యాప్‌లో పాత ఆల్బమ్ పేరు చూసి ఇది 1980ల సౌండ్ అనుకుంటావు, నువ్వు వినేది ఇరవై ఏళ్ళ తర్వాత నొక్కిన కాపీ కావచ్చు. రీమిక్స్ వేరు, అందులో వాయిద్యాలని విడదీసి మళ్ళీ కలుపుతారు, అది కొన్నిసార్లు మేలు చేస్తుంది. డెత్ బ్యాండ్ 1991 ఆల్బమ్ హ్యూమన్‌ని 2011లో రీమిక్స్ చేశారు, స్టీవ్ డిజార్జియో బేస్ అందులో చాలా బాగా వినిపిస్తుంది. అయినా పాత మిక్స్‌నే ప్రేమించేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో వాదించను.

నేను చేసిన ఒక పని కూడా చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు నాలుగు పాటలు రికార్డు చేయించుకోవడానికి వచ్చారు. డ్రమ్స్ అబ్బాయి దెబ్బలు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పడుతున్నాయి. నేను మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో తాళం గీతకి తెచ్చి పెట్టాను, అతని స్నేర్ తీసేసి కొనుక్కున్న శాంపిల్ (ముందే రికార్డు చేసి అమ్మే స్నేర్ దెబ్బ) పెట్టాను. విదేశీ ఆల్బమ్ లాగా మెరిసింది. వాళ్ళు వచ్చి విన్నారు. ఎవరూ మాట్లాడలేదు. డ్రమ్స్ అబ్బాయి కాసేపాగి, అన్నా, మూడో పాటలో చివరి రిఫ్‌కి ముందు నేను కొంచెం ముందుకు ఉరుకుతాను కదా, అది ఎక్కడుంది అని అడిగాడు. లేదు. గీతకి సర్దేటప్పుడు నేనే తీసేశాను. తన ఫోన్‌లో రిహార్సల్ రికార్డింగ్ వినిపించాడు. సౌండ్ చిట్లిపోయి ఉంది, గొంతు వినపడదు, కానీ ఆ చోటు రాగానే నలుగురి తలలూ ఒకేసారి ఊగాయి.

మళ్ళీ చేశాం. అతని దెబ్బలు అతను కొట్టిన చోటే ఉంచాను, కిక్ కింద మాత్రం పలుకు కోసం సన్నగా ఒక శాంపిల్ కలిపాను. గిటార్ అబ్బాయిలతో గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) సగం తగ్గించి వాయించమన్నాను, ముందు మొహాలు మాడ్చుకున్నారు. గెయిన్ ఎక్కువైతే పిక్ దెబ్బ కరిగిపోతుంది, ఒక్కడే గదిలో వాయించుకునేటప్పుడు భీకరంగా ఉంటుంది గానీ అందరితో కలిపితే ఈసురోమంటుంది. తగ్గించి, ఒకే రిఫ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఎడమకి ఒకటి, కుడికి ఒకటి పెడితే అప్పుడు లావెక్కుతుంది. ఈసారి ఆ మూడో పాట దగ్గర వాళ్ళతో పాటు నా తల కూడా ఊగింది.

ఇయర్‌ఫోన్ సంగతికొస్తే, వేలు పోసి కొననక్కర్లేదు. బేస్ గురించి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నది మాత్రం కొనొద్దు. చెవిలో బిగుతుగా కూర్చోవాలి, రబ్బరు వదులుగా ఉంటే ఉన్న బేస్ కూడా కారిపోతుంది, డబ్బాలో వచ్చే మూడు సైజులూ పెట్టి చూడు. ఈక్వలైజర్ మొత్తం ఆపేసి ఈ వారం మూడు విను: బ్లాక్ సబ్బాత్ మొదటిది, రెయిన్ ఇన్ బ్లడ్, నీకు బాగా నచ్చిన కొత్త ఆల్బమ్ ఒకటి. మూడింటినీ వాల్యూమ్ సమానం చేసుకుని, గిటార్ని వదిలేసి స్నేర్ దెబ్బ ఒక్కదాన్నే పట్టుకుని విను. దేంట్లో స్నేర్ గిటార్ల ముందుకు దూకుతోంది, దేంట్లో గోడలో కలిసిపోతోంది అన్నది ఇక్కడే రాయి, దాన్ని బట్టి తర్వాత ఏ ఆల్బమ్ ఏ కాపీ వెతుక్కోవాలో చెప్తాను.